షుగరు క్లినిక్కులో ఫండస్ కెమెరా: కొనడం నుంచి వాడుకలో పడేదాకా

బెంగళూరు కె.ఆర్.పురం వైపు, తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చే ఒక షుగరు క్లినిక్కు ఇది. స్థానికులు ఎంతమందో కోలారు, ముళబాగిలు, మదనపల్లె, హిందూపురం నుంచి తెల్లారకముందే బస్సో రైలో ఎక్కి వచ్చేవాళ్లూ అంతమంది. ఏడాదికోసారి అందరి చీటీ మీదా "కంటి డాక్టరుకి చూపించుకోండి" అని రాసి పంపడం అలవాటు. తర్వాతి విజిట్‌లో అడిగితే "చూపు బాగానే ఉంది కదా సార్, ఎందుకని వెళ్లలేదు" అనే జవాబే ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది. షుగరు వల్ల రెటీనా (కంటి వెనక చూపునిచ్చే పొర) దెబ్బతినడం మొదలయ్యాక కూడా చాలాకాలం చూపు తగ్గదు, నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చూపు మసకబారి పరిగెత్తుకొచ్చేసరికి లేజరో ఇంజెక్షనో తప్పని దశ వచ్చేసి ఉంటుంది.

అందుకని రెటీనా ఫొటో తీసే ఫండస్ కెమెరా పెట్టి కంటి పరీక్షనే క్లినిక్కులోకి తెచ్చుకున్నాం. కంటి పరీక్షలు చేసే ఇద్దరు ఆప్టోమెట్రిస్టులం, ఒక షుగరు డాక్టరు, దూరం నుంచి ఫొటోలు చదివిపెట్టే ఒక రెటీనా డాక్టరు. పరికరం ఎంచుకోవడం మొదలుకొని పని గాడిలో పడేదాకా ఏం చేశామో, ఎక్కడ తేడా కొట్టిందో, ఎందుకు కొట్టిందో ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి గది పెట్టాలనుకునే ఫిజీషియన్లకూ, అందులో పనిచేయబోయే ఆప్టోమెట్రీ పిల్లలకూ పనికొస్తుంది.

ఈ పరికరాలకు గిరాకీ ఎందుకు పెరుగుతోందో లెక్కలే చెబుతాయి. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు దాదాపు 10.1 కోట్ల మంది. 40 దాటిన షుగరు రోగుల్లో 12.5 శాతం మందికి రెటినోపతి (షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం) ఉందని 2022లో స్మార్ట్ ఇండియా అధ్యయనం తేల్చింది. ఇంతమంది కళ్లను ఏటా కంటిపాపను విప్పార్చే మందు వేసి, ఒక్కొక్కటిగా చూడటానికి కంటి డాక్టర్లు చాలరు. ముందు ఫొటో తీసి, అవసరమైనవాళ్లను మాత్రం డాక్టరు దగ్గరికి పంపడమే నడిచే దారి. ఆ ఫొటో తీసే పరికరాలు తయారుచేసే కంపెనీలు బెంగళూరులోనే ఉండటం మనకు కలిసొచ్చిన విషయం. త్రినేత్ర కెమెరా చేసే ఫోరస్ హెల్త్, ఫోన్‌తో రెటీనా ఫొటో తీసే పరికరం చేసే రెమిడియో రెండూ ఈ ఊరివే. జపాన్, జర్మనీ కంపెనీల డీలర్లు ఎలాగూ ఉన్నారు. కాబట్టి పరికరం దొరకదన్న బెంగ లేదు. ఏది కొనాలన్నదే ప్రశ్న.

దానికి జవాబు కావాలంటే ఈ గదిలో ఏం తేల్చాలో ముందు రాసిపెట్టుకోవాలి. మేం రాసుకున్నది ఇంతే: ఈ మనిషిని కంటి డాక్టరు దగ్గరికి పంపాలా, పంపితే ఎంత తొందరగా పంపాలి. వైద్యం నిర్ణయించడం ఇక్కడి పని కాదు. ఈ ఒక్క వాక్యం మా ఖర్చును సగానికి సగం తగ్గించింది, ఎందుకంటే వచ్చిన డీలర్లందరూ మొదట చూపించింది రెటీనా పొరలను వెలుతురుతో స్కాన్ చేసే ఓసీటీ యంత్రాన్నే. ఓసీటీ గొప్ప పరికరం. 1991లో దాని గురించి మొదటి వ్యాసం వెలువడిన తర్వాత రెటీనా వైద్యం రూపురేఖలే మారిపోయాయి. రెటీనా పొరలను 5 మైక్రాన్ల తేడా తెలిసేంత సన్నగా, నిలువుగా కోసినట్టు చూపిస్తుంది. రెటీనా నడిభాగమైన మాక్యులాలో నీరు చేరిందా, ఇంజెక్షన్ తర్వాత తగ్గిందా అన్నది చెప్పాలంటే అదే కావాలి. కానీ రెటీనా మీద రక్తపు చుక్కలు ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో, కొత్త రక్తనాళాలు పుట్టాయో లేదో చూడటానికి ఫొటోనే కావాలి. పైగా ఓసీటీ ప్రింటు మీది ఎరుపు, పసుపు, పచ్చ రంగులను చూసి రిపోర్టు చెప్పేయడం ప్రమాదం. ఆ రంగులు యంత్రంలో దాచిన ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి వేసినవి. మైనస్ పవరు ఎక్కువున్న కంటికి జబ్బేమీ లేకున్నా ఎరుపు రావచ్చు. ఆప్టిక్ డిస్కు (కంటి నరం రెటీనాలోంచి బయటికి వెళ్లే చోటు) మధ్యకు రాకపోయినా, సిగ్నల్ బలహీనంగా ఉన్నా ఆ రంగులకు అర్థం లేదు. చదివే డాక్టరు పక్కన లేని చోట ఓసీటీ పెట్టడం మాకు సరి అనిపించలేదు.

మిగిలింది ఫండస్ కెమెరా. అందులో రెండు దారులు. చేత్తో పట్టుకునేది చవక, క్యాంపులకు తీసుకెళ్లొచ్చు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు వీలు. కానీ దానికి తీసేవాళ్ల చెయ్యి కుదరాలి, కంట్లో మందు వేయాల్సిన అవసరం కూడా ఎక్కువసార్లు పడుతుంది. బల్లమీద పెట్టేది గడ్డం ఆనించుకునే దిమ్మతో వస్తుంది కాబట్టి తల కదలదు, కొత్తగా చేరిన అసిస్టెంటు కూడా వారంలో పట్టు సాధిస్తారు. రోజూ ఒకే గదిలో నడిచే పని కనుక మేం 45 డిగ్రీలు చూపే బల్ల కెమెరా తీసుకున్నాం. దానితోపాటు చూపు చార్టు, పిన్‌హోల్ (సన్నని రంధ్రమున్న పలక), కంటి ఒత్తిడి కొలవడానికి చేత్తో పట్టుకునే రిబౌండ్ టోనోమీటర్, అదే పనికి గోల్డ్‌మన్ టోనోమీటర్ ఉన్న స్లిట్ ల్యాంప్ (సన్నని వెలుతురు వేసి కంటిని పెద్దగా చూపే పరికరం). షుగరు క్లినిక్కుకి ఇంతకన్నా అక్కర్లేదని మా గట్టి అభిప్రాయం.

డెమో దగ్గర చాలామంది మోసపోతారు. డీలరు తమ కుర్రాడినే కూర్చోబెట్టి ఫొటో తీసి చూపిస్తారు. పాతికేళ్ల కంటిలో కంటిపాప పెద్దది, లోపలి లెన్సు అద్దంలా ఉంటుంది. ఆ కంటితో ఏ కెమెరా అయినా కేలండర్ బొమ్మలాంటి ఫొటో తీస్తుంది. మన దగ్గరికి వచ్చేది పదిహేనేళ్లుగా షుగరుతో ఉన్న 65 ఏళ్ల మనిషి. కంటిపాప చిన్నది, చీకట్లో కూడా సరిగా విప్పారదు, శుక్లం మొదలై ఉంటుంది. మందు వేయకుండా తీసే కెమెరాలకు కంటిపాప సాధారణంగా 4 మిల్లీమీటర్లు ఉండాలి. చిన్న కంటిపాప మోడ్ ఉన్నవాటిలో 3.3 దాకా సరిపోతుంది. అందుకని రెండు రోజులు కెమెరా మా గదిలోనే పెట్టమన్నాం. 60 దాటిన 20 మందికి, మందు వేయకుండా, మా చేత్తోనే తీశాం. ఫొటోలన్నిటినీ పేర్లు తీసేసి రెటీనా డాక్టరుకు పంపి, 40 కళ్లలో ఎన్ని చదవగలిగేలా ఉన్నాయో లెక్కపెట్టమన్నాం. మాక్యులా చుట్టూ ఉండే అతిసన్నని రక్తనాళాలు విడిగా కనిపిస్తేనే చదవగలిగే ఫొటో కింద లెక్క. మూడు కెమెరాలకు ఇలాగే చేశాం. బ్రోచర్‌లో మెగాపిక్సెళ్లు ఎక్కువున్న కెమెరా ఈ లెక్కలో చివర నిలిచింది.

కొటేషన్ చదవడం వేరే విద్య. ఒక డీలరు ఇచ్చిన కాగితంలో కెమెరా ధర తక్కువే. కానీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక్క కంప్యూటరుకే, అదీ ఏడాదికి. ఫొటోలను వేరే చోటికి తీయాలంటే మరో మాడ్యూల్‌కు డబ్బు. ఇది రెండో పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉంది. కాబట్టి సంతకానికి ముందు ఇవి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి: ఫొటోలు మామూలు జేపెగ్‌గానూ, ఆసుపత్రుల్లో వాడే డైకామ్ ఫైలుగానూ బయటికి వస్తాయా, ఫొటోను చదివే ఏఐ సాఫ్ట్‌వేర్ రిపోర్టుకు డబ్బు ఏడాదికా ఫొటోకా, వారంటీలో ఫ్లాష్ చేరి ఉందా, వారంటీ అయ్యాక విడిభాగాలతో కలిపి ఒప్పందమా లేక కూలికి మాత్రమేనా, పరికరం చెడిపోతే ఎన్ని గంటల్లో ఇంజినీరు వస్తాడు, బాగయ్యేదాకా మారు కెమెరా ఇస్తారా. ఐదేళ్లకు మొత్తం ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి చూస్తే ఏది చవకో అప్పుడు తెలుస్తుంది.

లేబుల్ మీద లైసెన్సు నంబరు కూడా చూడాలి. వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి. ప్రమాదం తక్కువున్న ఏ, బీ తరగతుల పరికరాలకు (కొన్ని ఏ తరగతి పరికరాలు తప్ప) 2022 అక్టోబరు 1 నుంచి, ప్రమాదం ఎక్కువున్న సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. ఇక్కడ తయారైనదైతే లైసెన్సు ఫారం ఎండీ-5 లేదా ఎండీ-9, దిగుమతి చేసినదైతే ఎండీ-15. ఏఐ సాఫ్ట్‌వేర్ కూడా ఈ నియమాల ప్రకారం వైద్య పరికరమే. దానికి విడిగా అడగాలి, చాలామంది అడగరు.

ఇక గది. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు సరిపోయింది. కిటికీకి వెలుతురు దూరని మందపాటి తెర. తలుపు కింది సందులోంచి వరండా ట్యూబులైటు వెలుతురు వచ్చేది, దానికి రబ్బరు పట్టీ కొట్టించాం. కంప్యూటర్ తెర వెలుతురు రోగి ముఖం మీద పడకుండా పక్కకు తిప్పి, బాగా తగ్గించాం. ఈ మూడింటితోనే చీకట్లో కంటిపాప ముందుకన్నా బాగా విప్పారడం కనిపించింది. కెమెరా బల్ల కరెంటుతో ఎత్తు మారేదై ఉండాలి. రోగి కూర్చునే స్టూలుకు మాత్రం చక్రాలు ఉండకూడదు. ముందుకు వంగి గడ్డం ఆనించేటప్పుడు స్టూలు వెనక్కి జారిపోతుంది.

కరెంటు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మొదటి రెండు వారాలు ఫొటో నొక్కిన క్షణంలో కెమెరాకూ కంప్యూటరుకూ సంబంధం తెగిపోయేది. యూఎస్‌బీ తీగ మార్చాం, కంప్యూటర్ మార్చాం, తగ్గలేదు. చివరికి ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 11 వోల్టులు. మామూలుగా 3 దాటకూడదు. ఎర్త్ గుంత ఎండి బీటలు తీసి ఉంది. బొగ్గు, ఉప్పు మళ్లీ వేసి, రోజూ నీళ్లు పోయించాక 2 వోల్టులకు దిగింది, కెమెరా తెగడం ఆగింది. పాత భవనాల్లో గది తీసుకునేవాళ్లు కెమెరా రాకముందే ఈ కొలత తీయించండి. కెమెరాకూ కంప్యూటరుకూ కలిపి 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టాం. మామూలు ఇన్వర్టరు మీదికి మారేటప్పుడు వచ్చే ఆ చిన్న అంతరాయం చాలు, తీస్తున్న ఫొటో పోవడానికి.

పరీక్షలో వరస ముఖ్యం. చూపు ఎప్పుడూ మొదట చూడాలి, మందు పడ్డాక చూసిన చూపు లెక్కకు రాదు. అద్దాలతో చూసి, తగ్గితే పిన్‌హోల్‌తో. ఆ తర్వాత రిబౌండ్ టోనోమీటరుతో కంటి ఒత్తిడి. దీనికి మత్తుచుక్కలు అక్కర్లేదు. తర్వాత స్లిట్ ల్యాంప్‌లో కంటి ముందుగది (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకూ, దాని వెనకాల కంటిపాప చుట్టూ ఉండే రంగుపొరకూ మధ్య ఖాళీ) లోతు. ఆపైన ఫొటో. ఒత్తిడి 21 మిల్లీమీటర్ల పాదరసం దాటినవాళ్లకు ఫొటో అయ్యాక గోల్డ్‌మన్‌తో మళ్లీ చూస్తాం. గోల్డ్‌మన్ ముందు పెట్టుకుంటే మత్తుచుక్కలూ ఫ్లోరెసిన్ రంగూ కలిసి నల్లగుడ్డు మీది తడిపొర చెదిరి ఫొటో మసకవుతుంది. విప్పార్చే మందు ఆ తర్వాతే, అవసరమైతేనే.

ఫొటోకు ముందు రోగి రెండు మూడు నిమిషాలు చీకట్లో ఊరికే కూర్చోవాలి. రద్దీలో మనం మొదట ఎగ్గొట్టేది దీన్నే, దాని ఫలితం ఫొటోలో వెంటనే కనిపిస్తుంది. తర్వాత చెప్పే మాటలు రోజూ ఒకటే: "అమ్మా, గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ఈ పట్టీకి తగలాలి. లోపల పచ్చ చుక్క కనబడుతోందా? దాన్నే చూడండి. ఇప్పుడు రెండుసార్లు రెప్ప కొట్టండి, ఇక పెద్దగా తెరవండి. మెరుపు వస్తుంది, భయపడకండి." రెప్ప కొట్టమనేది మాటవరసకు కాదు. కన్నీటి పొర కంటి మీద సమంగా పరుచుకుంటేనే ఫొటో తేటగా వస్తుంది, కొట్టిన వెంటనే నొక్కాలి. పై రెప్ప వాలిపోయిన పెద్దవాళ్లకు దూది పుల్లతో మెల్లగా ఎత్తి పట్టుకుంటాం.

కంటికి రెండు ఫొటోలు: మాక్యులా మధ్యలో ఉండేలా ఒకటి, ఆప్టిక్ డిస్కు మధ్యలో ఉండేలా ఒకటి. మాక్యులాదే మొదట, అప్పుడే కంటిపాప అన్నిటికన్నా పెద్దగా ఉంటుంది. ఒక కంట్లో ఫ్లాష్ పడితే రెండో కంటిపాప కూడా ముడుచుకుంటుంది కాబట్టి ఫొటోకీ ఫొటోకీ మధ్య నిమిషం, రెండు నిమిషాలు ఆగాలి. అందుకే నలుగురికీ వరసగా తీసేయడం ఈ పనిలో కుదరదు. గంటకు ఆరుగురి కన్నా ఎక్కువ మందికి టైము ఇవ్వడం మేం మానేశాం.

ఫొటోలో వచ్చే తేడాలు చూడగానే కారణం తట్టాలి. అంచున నీలం తెలుపు కలిసిన నెలవంక పడిందంటే కెమెరా దూరం కుదరలేదు, లేదా కంటిపాప మధ్యలోంచి చూడటం లేదు. తెర మీది రెండు గుర్తు చుక్కలు పదునుగా కనిపించేదాకా జాయ్‌స్టిక్‌ను వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. పైనో కిందో తెల్లని చారలు పడితే కనురెప్ప వెంట్రుకలు. ఫొటో మొత్తం బూడిదరంగు మంచులా ఉంటే శుక్లమో, ఎండిన కన్నో, లెన్సు మీద ఎవరిదో వేలిముద్రో. ఏది అన్నది తేలాలంటే అసిస్టెంటు కంటి ఫొటో తీయండి. అందులోనూ మంచుంటే తప్పు లెన్సుది. ఇరవైల్లో ఉన్న టైప్ 1 పిల్లల్లో మాక్యులా చుట్టూ పట్టుబట్టలా మెరుపు కనిపిస్తుంది. అది నరాల పొర మీది సహజమైన మెరుపు, వాపు కాదు.

అన్నిటికన్నా బాధపెట్టింది దుమ్ము. ఒక వారం ఏఐ రిపోర్టులో ఉన్నట్టుండి చాలామందికి "పంపాలి" అని రావడం మొదలైంది. ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే, గడియారంలో రెండు గంటల చోట ఒక చిన్న నల్లని చుక్క, అందరికీ, కుడి కంట్లోనూ ఎడమ కంట్లోనూ, సరిగ్గా అక్కడే. ఒక్క ఫొటోను విడిగా చూస్తే రక్తపు చుక్కకూ దానికీ తేడా పట్టడం కష్టం. తేల్చే పద్ధతి తేలిక. రోగి చూపును కొద్దిగా పక్కకు తిప్పించి మరో ఫొటో తీయాలి. చుక్క రక్తనాళంతోపాటు జరిగితే అది కంట్లోది. నాళాలు జరిగి చుక్క ఫ్రేములో అదే చోట నిలబడితే కెమెరాది. పదునైన నల్ల చుక్క అయితే దుమ్ము లోపల సెన్సరు మీద ఉన్నట్టు, అది ఇంజినీరు తీయాల్సిందే, మనం కెమెరా విప్పకూడదు. మసకగా, తెల్లగా, గుండ్రంగా కనిపించే మచ్చలైతే ముందు లెన్సు మీది దుమ్ము. ముందు చేతి బ్లోయరుతో గాలి కొట్టి, తర్వాతే లెన్సు కాగితం మీద రెండు చుక్కల క్లీనరు వేసి మధ్యలోంచి అంచుకు చుట్లు తిప్పుతూ తుడవాలి. గాలి కొట్టకుండా తుడిస్తే ఆ ఇసుక రేణువే గీత పెడుతుంది. నోటితో ఊదడం, చొక్కా అంచుతో తుడవడం చేయనే కూడదు. ఆ వారం "పంపాలి" అని వచ్చినవాళ్ల ఫొటోలన్నీ రెటీనా డాక్టరుతో మళ్లీ చదివించి, ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున రోగులు రాకముందు లెన్సుకు తెల్లకాగితం అడ్డం పెట్టి ఒక ఫొటో తీసి, మచ్చలు ఉన్నాయేమో చూస్తున్నాం.

చీకట్లో కూర్చోబెట్టినా ఫొటో చదవగలిగేలా రాకపోతే విప్పార్చే మందు. మన దగ్గర మామూలుగా దొరికేది ట్రోపికామైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కలు. ఒక చుక్క, పది నిమిషాలకు మరొకటి, 20 నుంచి 30 నిమిషాల్లో పాప విప్పారుతుంది. చుక్క వేశాక ముక్కు పక్క కంటి మూలను వేలితో నిమిషం నొక్కి పట్టుకోమంటే మందు ఒంట్లోకి తక్కువ వెళుతుంది. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకూ గుండె జబ్బున్నవాళ్లకూ ఫినైలెఫ్రిన్ లేని ట్రోపికామైడ్ ఒక్కటే వాడతాం. స్లిట్ ల్యాంప్ సన్నని వెలుతురును నల్లగుడ్డు అంచున వేసి చూసినప్పుడు, ముందుగది లోతు అక్కడి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మందంలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో ఉంటే ఈ గదిలో మందు వేయం. అలాంటి కంట్లో పాప విప్పారితే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. వాళ్లను నేరుగా కంటి ఆసుపత్రికి పంపుతాం. మందు వేసినవాళ్లందరికీ చెప్పేది: రాత్రికి కన్ను ఎర్రబడి నొప్పి, తలనొప్పి, వాంతి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నాలుగైదు గంటలు బండి నడపకూడదని అపాయింట్‌మెంటు ఫోనులోనే చెప్పాలి. క్లినిక్కుకు వచ్చాక చెబితే స్కూటరు మీద వచ్చిన మనిషి మందు వద్దంటాడు, ఆ రోజు ఫొటో లేనట్టే.

ఫొటోలు చదవడంలో ఏఐ మొదటి జల్లెడ మాత్రమే. ఈ రంగంలో ఏఐ మీద నమ్మకం పెంచిన పని 2016లో వచ్చింది. గూగుల్ పరిశోధకుల ఆ అధ్యయనంలో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డాక్టరు చదవకుండానే ఫలితం చెప్పే ఒక వ్యవస్థకు మొదటిసారి అనుమతి ఇచ్చింది. మా వాడుకలో తేలింది ఏమిటంటే, రెటినోపతిని అది చక్కగా పడుతుంది, కానీ నేర్పించినదాన్నే చూస్తుంది. ఒక రక్తనాళం మూసుకుపోయినా, ఆప్టిక్ నరం గుంట పెద్దదైనా నేర్పించకపోతే "బాగుంది" అనేస్తుంది. అందుకే ఏఐ ఏమన్నా సరే, ప్రతి ఫొటోనూ రెటీనా డాక్టరు రెండు రోజుల్లో చూస్తారు. డిస్కు వెడల్పులో మధ్యగుంట వంతు (నిష్పత్తి) 0.7 దాటినా, రెండు కళ్ల మధ్య 0.2 తేడా ఉన్నా గ్లకోమా (నీటికాసులు) పరీక్షకు పంపుతాం. మాక్యులా నడిబొడ్డుకు ఒక డిస్కు వెడల్పు లోపల పసుపు కొవ్వు మచ్చలు కనిపిస్తే వాపు ఉందనే అనుకుని పంపుతాం, ఓసీటీ అక్కడ తీస్తారు. ఫొటో ఎంతకీ చదవగలిగేలా రాకపోతే దాన్ని "బాగుంది" లెక్కలో వేయకూడదు. అది పంపాల్సిన కేసే. ఫొటో రాలేదంటేనే ఆ కంట్లో శుక్లమో రక్తస్రావమో ఉండే అవకాశం ఎక్కువ.

షుగరు డాక్టరుతో కలిసి పనిచేయడం వల్ల ఒక మేలు జరిగింది. షుగరు చాలా ఎక్కువున్న మనిషికి ఇన్సులిన్ మొదలుపెట్టి హెచ్‌బీఏ1సీని (మూడు నెలల సగటు షుగరు కొలత) తొందరగా దించితే, మొదటి నెలల్లో రెటినోపతి కొంత ముదరవచ్చు. కాబట్టి పెద్ద మందు మార్పుకు ముందే ఫొటో తీస్తున్నాం. ముందే షుగరున్న ఆడవాళ్లు గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోపే తీస్తాం.

పంపడం అంటే చీటీ రాయడం కాదు. మొదట్లో ఇంగ్లిషు చీటీ ఇచ్చి పంపినవాళ్లలో చాలామంది వెళ్లలేదు. ఇప్పుడు తెర మీద వాళ్ల సొంత కన్ను చూపిస్తాం. "ఈ ఎర్రచుక్కలు మీ కంటి వెనక కారిన రక్తం పెద్దాయనా, మీకు తెలియడం లేదంతే" అంటే ఆ చుక్కల వైపు చాలాసేపు చూస్తారు, పక్కనున్న కొడుకో కోడలో ఫోనులో ఫొటో తీసుకుంటారు. చీటీ తెలుగులోనో కన్నడంలోనో తమిళంలోనో ఉంటుంది, దాని మీద ఏ తేదీలోగా వెళ్లాలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కొత్త నాళాలు పుట్టినా, జబ్బు తీవ్రంగా ఉన్నా వారం. మాక్యులా దగ్గర మచ్చలుంటే నెల. ఊరినుంచి వచ్చినవాళ్లను అదే రోజు మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రికో, వాళ్లకు వీలైన మరో చోటికో పంపే ప్రయత్నం చేస్తాం, ఎందుకంటే మదనపల్లె వెళ్లిపోయిన మనిషి మళ్లీ మూడు నెలలకు గానీ రారు. ఒక రిజిస్టరులో పంపిన తేదీ, వెళ్లిన తేదీ అని రెండు గడులు. రెండోది ఖాళీగా ఉంటే పదో రోజు ఫోను, ఇరవయ్యో రోజు ఇంకో ఫోను, అప్పటికీ వెళ్లకపోతే షుగరు డాక్టరే స్వయంగా మాట్లాడతారు. ఈ రిజిస్టరు చూసుకునే మనిషికి జీతం ఇవ్వలేని క్లినిక్కు కెమెరా కొనకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

నిర్వహణ పెద్ద పని కాదు, కానీ తప్పకూడదు. ప్రతి రోగి తర్వాత గడ్డం దిమ్మ, నుదుటి పట్టీ 70 శాతం ఆల్కహాలుతో తుడుపు. గోల్డ్‌మన్ ప్రిజాన్ని మాత్రం ఆల్కహాలుతో కాదు, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో, ఏ రోజుకారోజు కలిపినదాంట్లో, ఐదు నిమిషాలు ఉంచి, పారే నీళ్లలో కడిగి, ఆరబెట్టాలి. కడగడం సరిగా లేకపోతే ఆ మందు కంటి నల్లగుడ్డును కాలుస్తుంది. గోల్డ్‌మన్‌ను వారానికోసారి దానితోపాటు వచ్చిన కడ్డీతో 0, 2, 6 గుర్తుల దగ్గర సరిచూస్తాం. కెమెరా మీద గుడ్డకవరు, లోపల సిలికా జెల్ పొట్లం, నీలం పోయి గులాబీ రంగుకు తిరగగానే మార్పు. వానాకాలంలో గదికి వారం రోజులు తాళం వేస్తే లెన్సు మీద బూజు సాలెగూడులా పడుతుంది, అది ఒకసారి అద్దం పూతను తిన్నదంటే తుడిచినా పోదు. అందుకని సెలవుల్లోనూ ఎవరో ఒకరు వచ్చి రోజుకు గంట ఏసీ వేసి వెళతారు. ఫొటోలు రోజూ సాయంత్రం రెండు చోట్ల దాస్తాం. విండోస్ తనంతట తను అప్‌డేట్ అవ్వడం ఓపీ వేళల్లో ఆపేశాం.

డీలర్లు ఓసీటీ గురించి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. రెటీనా డాక్టరు శనివారాలు ఇక్కడే కూర్చుని చూస్తానన్నారు కాబట్టి ఈసారి ఆ మాట వింటున్నాం. రెండు ఓసీటీల డెమోకు తేదీలు ఇచ్చాం, మళ్లీ అదే షరతు మీద: రెండు రోజులు మా గదిలో, 60 దాటిన 20 మంది, ఫొటోలో మాక్యులా దగ్గర మచ్చలున్నవాళ్లే, సిగ్నల్ బలం ఎంత వచ్చిందో ప్రతి కంటికీ రాసుకుంటూ. ఎర్త్ వోల్టేజీ మొన్ననే మళ్లీ కొలిపించాం, 2 దగ్గరే ఉంది.